పొయ్యి దగ్గరికి తోవ

ఇందిరాబాయి ఎమ్మిగనూరుకు కోడలుగా వచ్చినప్పుడు అత్త సుభద్రమ్మ ఆమెకు ముందు నేర్పింది వంట కాదు, వంటిల్లు. గడప దాటగానే కుడిచేతికి నీళ్ల గుండిగ. దాన్ని ఒరుసుకుని బియ్యం డబ్బా. పైన గూట్లో ఉప్పు జాడీ, దాని తర్వాత చింతపండు జాడీ, ఆ వరసలోనే. తూర్పు గోడకు పొయ్యిలు, వాటికి ఎడమ పక్కన కట్టెలు. తీసిన వస్తువు తీసిన చోటే పెట్టాలి. ఒకనాడు ఇందిరాబాయి తెలియక ఉప్పు జాడీని కొంచెం అవతలికి జరిపింది. సుభద్రమ్మ ఆ పూటంతా ముఖం చిట్లించుకునే ఉంది.

"మీ ఆదోనిలో ఉప్పుకు కాళ్లుంటాయేమోలేమ్మా, మా ఊర్లో ఉండవు," అంది చివరికి.

కొత్తకోడలు ఆ మాటకు మూల కూర్చుని ఏడ్చింది. తర్వాత్తర్వాత ఆ అత్త నోటి వాడి, చేతి మెత్తన రెండూ తెలిసొచ్చాయి. కానుపు అయినప్పుడు కోడలికి నెలల తరబడి తలస్నానం చేయించి, సాంబ్రాణి పొగ వేసి, మిరియాల చారుతో అన్నం కలిపి పెట్టింది ఆ చేయే.

అది మట్టి మిద్దె. వెనక వీధిలో పొద్దస్తమానం మగ్గాల చప్పుడు. భర్త భీమసేనరావు ఊళ్లోనే హైస్కూల్లో లెక్కల మాస్టారు. నెమ్మదస్తుడు. పొద్దున్నే దేవతార్చన ముగించి, నైవేద్యం పెట్టి, నాలుగు మెతుకులు తిని బడికి పోతాడు. ఆ నైవేద్యం వండేది సుభద్రమ్మ. తెల్లవారుతుండగానే వెనక స్నానాల గదిలో నీళ్లు పోసుకుని, ఎవరి చేయీ తగలకుండా దండెం మీద ఆరిన చీరను కర్రతో దించి కట్టుకునేది. అప్పటి నుంచి నైవేద్యం అయ్యేదాకా ఆమె మడిలో ఉన్నట్టు. మడి లేనివాళ్లు ఎవరూ ఆమెను తాకకూడదు. కన్నకొడుకైనా, కాళ్లకు చుట్టుకునే మనవరాలైనా సరే. ఇంట్లో ఇద్దరూ మడి కట్టుకుంటే పాలు కాచేదెవరు, పిల్లలకు జడలు వేసేదెవరు? అందుకని బయటి పనులు, సాయంత్రం వంట ఇందిరాబాయివి. పండగలకు, తద్దినాలకు తప్ప పొద్దుటి పొయ్యి అత్తది. మామగారు పోయిన తర్వాత సుభద్రమ్మ చాలా వదులుకుంది; పూలు, పేరంటాలు, పెత్తనం, అన్నీ. ఆ పొయ్యి ఒక్కటి వదల్లేదు. దేవుడికి వండి పెట్టే మనిషి అన్నది ఒక్కటే ఆమెకు మిగిలిన పేరు.

ఇందిరాబాయికి మాత్రం ఆ వంటింటి మీద మనసు విరిగి చాలా ఏళ్లయింది. గొంతుకూర్చుని వండి వండి మోకాళ్లు పట్టేసేవి. కప్పులో ఉన్న ఒక్క గవాక్షిలోంచి పొగ పోయినంత పోయేది, తక్కినది ఆమె కళ్లలోకే. ఆదోనిలో ఆమె పెద్దమ్మ కూతురు పద్మాబాయి కొత్త ఇల్లు కట్టినప్పుడు నిలబడి వండే కట్ట వేయించింది. నడుమెత్తున నున్నటి బండ, దాని మీద గ్యాస్ పొయ్యి, ఎదురుగా కిటికీ. పద్మాబాయి నిలబడి, వీధిలో పోయేవాళ్లను పలకరిస్తూ దోసెలు పోస్తుంటే ఇందిరాబాయికి తిన్న దోసె రుచి తెలియలేదు. ఇంటికి వచ్చాక ఆ ముచ్చట భర్తకు చెప్పింది. ఇంకోసారి చెప్పింది. ఆ తర్వాత వీలున్నప్పుడల్లా చెప్పింది. భీమసేనరావు ప్రతిసారీ "చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దామంటే కాదని అర్థం కాదు. కానీ అవుననీ కాదు.

ఈలోగా ఇంట్లో ఇంకొకటి జరుగుతూ వచ్చింది, ఎవరూ గమనించకుండా.

గడపలో పెట్టిన చెంబును సుభద్రమ్మ తన్నుకుంది. చాటలో ఆరబోసిన మిరపకాయలను తొక్కింది. ఎదురుగోడ మీది పటంలో మఠం గురువు రాయరి నుదుటి నామం ఆమెకు చక్కగా కనపడుతుంది. కాళ్ల కిందిది, పక్కనున్నది కనపడదు. పడ్డప్పుడల్లా తప్పు వస్తువుదే. "చెంబు పెట్టే చోటా ఇది?" అని దబాయించేది. కోడలు ఊరుకునేది. ఊరుకుంటూనే, అత్త వంటింట్లో చేయి ఎట్లా కదుపుతుందో చూడడం మొదలుపెట్టింది. ఆ చేయి గోడను, గుండిగ అంచును, డబ్బా మూతను ఒక్కొక్కటిగా తాకుతూ పొయ్యి దగ్గరికి పోయేది. అన్నం ఉడికింది చప్పుడును బట్టి చెప్పేది. నైవేద్యానికి పెట్టేది ముందు రుచి చూడకూడదు గనుక ఉప్పు ఎప్పుడూ చేతి కొలతే. ఆ కొలత తప్పేది కాదు.

పద్మాబాయి మనవడిని తొట్లెలో వేస్తున్నారని చెప్పి ఇందిరాబాయి అత్తను ఆదోనికి పిలుచుకుపోయింది. తొట్లె నిజమే. అది అయ్యాక కంటి డాక్టరు దగ్గరికి పోవడమే ఇంట్లో చెప్పనిది. శుక్లాలైతే కోసి తీయవచ్చునని ఆమె ఆశ. ఆయన చాలాసేపు చూసి, ఇవి నీటికాసులమ్మా అన్నాడు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది ఉన్నన్నాళ్లు నిలవడానికి చుక్కల మందు వేసుకోవాలి అన్నాడు.

తిరుగు బస్సులో పత్తి మూటల మధ్య కూర్చుని సుభద్రమ్మ కోడలి చేయి పట్టుకుంది.

"భీముకు చెప్పొద్దు. చెప్పితివా, రేపటి నుంచి నన్ను పడసాలలో కూర్చోబెట్టి జపమాల చేతికిస్తాడు. నా చేతులకు దోవ తెలుసు ఇందిరా. ఆ వంటింట్లో నాకు అది చాలు."

ఇందిరాబాయి మాట ఇచ్చింది. ఆ వంటింట్లో అన్న మాటను ఆమె అప్పుడు అంతగా పట్టించుకోలేదు.

డెబ్బై ఎనిమిదిలో వానలు విడవకుండా పట్టాయి. ఒక మధ్యాహ్నం, అందరూ పడసాలలో ఉండగా, వంటింటి దూలం ఒకటి ఫెళ్లున విరిగి మిద్దె మట్టి సగం పొయ్యిల మీద పడింది. మనుషులకు ఏమీ కాలేదు. భీమసేనరావు ఆ మట్టి కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, పక్కపంచలో గోడ వారగా తాత్కాలికంగా రెండు పొయ్యిలు పెట్టించి, వంటిల్లు మొత్తం విప్పి కొత్తగా కట్టిద్దామని నిశ్చయించాడు. ఆదివారం తెల్ల కాగితం, స్కేలు తీసుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి కాగితం మీద వంటిల్లు తయారైంది. భార్యను పిలిచి, బహుమతి ఇచ్చేవాడి ముఖంతో చూపించాడు. తూర్పు గోడకు నిలబడి వండే కట్ట. దాని మీద ఒక కొసన గ్యాస్, ఒక కొసన అమ్మకు కట్టెల పొయ్యి. ఎదురుగా కిటికీ. వాన నీళ్లు లోపలికి రాకుండా వెనక వాకిలి జరిపి పడమటికి పెట్టాడు. మధ్యలో, ఇద్దరు మనుషులు ఒకరికొకరు తగలకుండా తిరగడానికి, విశాలంగా ఖాళీ జాగా.

ఇందిరాబాయి ఆ ఖాళీ జాగాను చూసింది. స్నానాల గదిలోంచి వచ్చే అత్త పడమటి వాకిట్లో అడుగు పెడితే తూర్పున పొయ్యి దాకా చేతికి తగిలేది ఒక్కటి లేదు. గోడ లేదు, గుండిగ లేదు, డబ్బా లేదు. చేయి పట్టుకుని నడిపిద్దామంటే మడి. ఇదివరకు ఆ చేయి పట్టుకున్నది ఆ గది. ఇప్పుడు ఆ గదే పోతోంది.

పాతది ఎట్లా ఉండిందో అట్లే కట్టిద్దామంది ఆమె. కట్ట వద్దు, పొయ్యిలు నేల మీదనే ఉండనీ, వాకిలి జరపొద్దు.

భీమసేనరావు స్కేలు కింద పెట్టాడు. "పదేండ్లు నా చెవినిల్లు కట్టుకుని పోరితివి. ఇప్పుడు నిజం ఇల్లు కడతానంటే వద్దంటాండావా?"

అత్తకు కింద కూర్చుని వండడమే అలవాటని, ముసలి ప్రాణానికి కొత్త తోవలెందుకని ఆమె ఏదో అంది. అమ్మకు కష్టమనే కదా నిలబడే కట్ట అని ఆయన అన్నాడు. వాదన అట్లా కొంతసేపు నడిచింది. చివరికి ఇందిరాబాయికి ఒక ఉపాయం తోచింది. కాగితం మీద చూస్తే అత్తకు ఏం తెలుస్తుంది, వాకిట్లో ముగ్గు పోసి, ఉన్నంత కొలతకు గీసి చూపిద్దాం, ఆమె అందులో నడిచి ఏది యాడ ఉండాలో ఆమే చెబుతుంది అంది. ఆయనకు అది నచ్చింది. మేస్త్రీ ఉచ్చీరప్ప కూడా, పునాదికి ముగ్గు పోసేది ఎట్లాగూ ఉన్నదే కదమ్మా, అది వాకిట్లో ముందే పోస్తామంతే అన్నాడు.

మరుసటి ఆదివారం భోజనాలయ్యాక ముగ్గు పోశారు. ఇందిరాబాయి తెల్లటి గీతలతో గోడలు గీసింది, వాకిలి ఉన్నచోట గీత తెంపింది. ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టింది, బుట్ట బోర్లించి గుండిగ అనుకోమంది. భర్త పట్టుబట్టిన కట్ట కోసం ఉచ్చీరప్ప రెండు వైపులా ఇటుకలు నిలిపి పొడుగాటి పలక వేశాడు. అంతా అయ్యాక ఆమె దూరం నుంచి చూసుకుని ముచ్చటపడింది. అత్త రహస్యాన్ని ఆమె అంత కాలంగా కప్పిపుచ్చుతూ వచ్చింది. అత్తకు అన్నీ కనపడతాయన్నట్టు మసలడం ఆమెకే అలవాటైపోయింది. గీతకు ఎత్తు ఉండదని, చేతికి తగలదని ఆ క్షణాన ఆమెకు తట్టనే లేదు.

"రా అమ్మా. పొద్దున నీళ్లు పోసుకుని వస్తావే, అట్లా రా," అన్నాడు భీమసేనరావు.

సుభద్రమ్మ తల పైకెత్తి, ఎదురుగా చూస్తూ, ఎప్పటి నడకనే నడిచింది. వాకిలికి పెట్టిన సందు వదిలేసి నేరుగా గోడ గీత దాటింది. బుట్టను తన్నింది. ఇటుకల పొయ్యిని పాదంతో తోసుకుంటూ పోయి అవతలి గోడ గీత మీద నిలబడింది.

ఉచ్చీరప్ప నవ్వాడు. "ఏం తల్లీ, గోడ దూరి వచ్చినావే. దేవతలు గదా అట్లా వచ్చేది." ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆయన తలగుడ్డ తీసి చేతులు తుడుచుకోసాగాడు.

భీమసేనరావు దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, నీ కాళ్ల కాడ ఏముంది?"

తొక్కిన ముగ్గు, దొర్లిన ఇటుకలు ఉన్నాయి. సుభద్రమ్మ కిందికి చూడలేదు.

"నేల," అంది. "నేల కాకుంటే ఏముంటుంది."

ఆ సాయంత్రం ఇందిరాబాయి భర్తకు మొత్తం చెప్పింది. ఆదోని డాక్టరు, చుక్కల మందు, బస్సులో ఇచ్చిన మాట. భీమసేనరావు కోపపడలేదు. కోపపడి ఉంటే ఆమెకు తేలికయ్యేది. "ఇంట్లో కండ్లు లేనోణ్ణి నేనన్నమాట," అని ఒక్కటే అన్నాడు. ఆ తర్వాత తీర్పు చెప్పాడు. రేపటి నుంచి అమ్మ పొయ్యి దగ్గరికి పోకూడదు. ఆయనతో పనిచేసే మాస్టారు తల్లి పెద్దకడుబూరులో దీపం అంటుకుని కాలిపోయింది. ఆ శవయాత్రకు ఈయన పోయి వచ్చాడు. ఆ చూసినది ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. అప్పుడూ చెప్పలేదు, ఆ ఊరి పేరు మాత్రం అన్నాడు. ఇందిరాబాయికి అర్థమైంది. అది మొండితనం కాదు, భయం. మొండితనంతో వాదించవచ్చు. భయంతో ఏమని వాదిస్తావు?

తెల్లవారింది. సుభద్రమ్మ రోజూలాగే నీళ్లు పోసుకుంది. చీర కర్రతో దించి కట్టుకుంది. పక్కపంచలోని పొయ్యిల వైపు వచ్చింది. పంచ సందులో కొడుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆయన ఇంకా స్నానం చేయలేదు. చేయకుండానే వచ్చి నిలబడ్డాడు.

"జరుగు భీమూ."

"లేదమ్మా."

ఆమె మడిలో ఉంది, కొడుకు లేడు. తోసుకుని పోవడానికి లేదు, తాకడానికే లేదు. ఆయన చేయి కూడా ఎత్తలేదు. ఊరికే నిలబడితే చాలింది. తడి తల నుంచి నీళ్లు కారుతుండగానే సుభద్రమ్మ వెనక్కి తిరిగి వాకిట్లోకి వెళ్లింది. ఆ పూట దేవుడికి కాచిన పాలు, రెండు అరటిపండ్లు అయ్యాయి నైవేద్యం. భీమసేనరావు గంట కొట్టాడు గాని, ఆ గంట చప్పుడులో ఏదో వెలితి ఉందని పిల్లలు కూడా గమనించారు.

వాకిట్లో ముగ్గు గీతలు ఇంకా చెరగలేదు. సుభద్రమ్మ వాటి మధ్యనే తిరుగుతోంది. ఇందిరాబాయి గడపలో నిలబడి చూసింది. అత్త నడుముకు పలక తగిలింది. ఆమె చేత్తో పట్టుకుంది. అది మడి చెక్క కాదు, ఇటుకల పనివాళ్లది. ముట్టుకుంటే మడి పోయినట్టే. తెలిసే ముట్టుకుంది. ఎట్లాగూ ఈ పొద్దు వంట లేదు గదా అని తనలో తాను అనుకున్నది పైకే వినపడింది. అరచేయి పలక అంచు మీద పెట్టి ఒక కొస దాకా పోయింది. అక్కడి నుంచి రెండో కొస దాకా వచ్చింది. మళ్లీ పోయింది. ఈసారి నడుము తిన్నగా నిలిపి, తల ఎత్తి, మామూలు మనుషులు బజారులో నడిచినట్టు నడిచింది. ఇందిరాబాయి ఆమెను అట్లా చూసి చాన్నాళ్లయింది.

"ఇందిరా, ఇంకో పలక ఉందా?"

ఉంది. ఉచ్చీరప్ప గోడకు ఆనించి పోయినవి ఉన్నాయి. ఇందిరాబాయి ఒక్కతే వాటిని ఈడ్చుకొచ్చి, ఇటుకలు పెంచి, స్నానాల గది వాకిలి నుంచి పొయ్యి అనుకున్న చోటి దాకా ఒకదాని కొసకు ఒకటి తగిలించి పేర్చింది. మూల తిరిగే చోట ఎడం లేకుండా చూసింది. అత్త ఏం చేయబోతోందో అప్పటికి ఆమెకు తెలిసిపోయింది. తెలిసి సిగ్గేసింది. ముసలామె కింద కూర్చోవడమే కోరుకుంటుందని ఆమె ఎట్లా అనుకుంది? అదే అడిగింది.

"నేల మీదనే కూర్చుంటానని నేనెప్పుడన్నా చెప్పినానా?" అంది సుభద్రమ్మ. "మా అత్త కూర్చునింది, నేను కూర్చుంటి. నువ్వు కూర్చుంటివి. అడిగినవాళ్లు యాడున్నారు."

బడి నుంచి వచ్చిన కొడుకును ఆమె కాళ్లు కూడా కడుక్కోనివ్వలేదు. కట్ట తూర్పు గోడకు మాత్రమే కాదు, స్నానాల గది గడప నుంచే మొదలు కావాలంది. గోడ వెంబడే వచ్చి, మూల తిరిగి, పొయ్యి దాకా పోయి, అక్కడి నుంచి దేవుడి గది వాకిలి దగ్గర ఆగాలి. యాడా తెగకూడదు. తాను దాని అంచు పట్టుకుని వస్తుంది, దాని అంచు పట్టుకునే పోతుంది.

భీమసేనరావు విన్నాడు. ఆయనకు ముందు తోచిన అడ్డు మడి. ఒకటే బండ అయితే ఒక కొసన ఇందిర కాఫీ కాస్తుంది, మడి లేకుండా. అదే బండ మీద ఇంకో కొసన నైవేద్యం. మైల కలిసిపోదా? ఆ ఇంట్లో మడి విషయం తీర్పు చెప్పేది సుభద్రమ్మే. మఠం నుంచి వచ్చిన ఆచార్లు కూడా ఆమెతో వాదించరు. ఆమె ఆలోచించను కూడా లేదు.

"మనమంతా ఒకే నేల మీద తిరుగుతాండామా లేదా? నేలకు లేని మైల బండకు ఎందుకొస్తుంది. చెక్క అయితే కాదందును. రాయికి నీళ్లు పోస్తే చాలు."

ఇక మిగిలింది నిప్పు. దాన్ని ఆయన నోటితో అనలేకపోయాడు. తల్లే అంది. కింద కూర్చుని వండినన్నాళ్లూ కొంగు మంటకు జానెడు దూరంలో ఉండింది, అప్పుడు నువ్వు భయపడలేదు. నిలబడి, కొంగు నడుముకు చెక్కుకుంటే మంట యాడి నుంచి అందుతుంది అంది. కట్టె మండేది చెవికి తెలుస్తుంది, మంట పెరిగేది ముఖానికి తెలుస్తుంది అంది. ఇంత చెప్పి ఆగింది. అప్పుడు ఆమె గొంతు మారింది.

"ఈ పొద్దు దేవుడికి పాలు పెట్టినావు. రేపు పెడతావు. పాలకు ఆయన ఏమీ అనుకోడు. నేనే ఏం చేయాలో తెలియక పొద్దున్నుంచీ ఈ వాకిట్లో తిరుగుతాండా. నన్ను కూర్చోబెడితే కాలిపోనులే భీమూ. కూర్చునే ఉంటా, అంతే."

భీమసేనరావు తలెత్తి, వంటిల్లు తయారయ్యాక రోజూ పొద్దున తాను గడప బయట పీట వేసుకుని కూర్చుంటానన్నాడు.

"కూర్చో. మాట్లాడొద్దు మాత్రం. లెక్క తప్పుతుంది," అంది తల్లి.

ఉచ్చీరప్ప బేతంచెర్ల బండలు తెప్పించాడు. కట్ట ఎత్తు ఎంత అనే దగ్గర పని ఆగింది. సుభద్రమ్మ పొట్టి, ఇందిరాబాయి పొడుగు. అత్త నడుముకు సరిపోతే కోడలు వంగాలి. కోడలికి సరిపోతే అత్త భుజాలెత్తి కుండలోకి చేయి పెట్టాలి. "ఎవరి కొలతకు పెట్టేది సెప్పండమ్మా, సిమెంటు గట్టిపడతాంది," అన్నాడు మేస్త్రీ. నీ కోరిక ఇది, నీ కొలతకే పెట్టిద్దామని భర్త మెల్లిగా అన్నాడు. ఇందిరాబాయి అత్తను గోడ పక్కన నిలబెట్టింది. ఆమె మోచేయి ఉన్నచోటికి కొంచెం కింద బొగ్గుతో గీత గీసింది. "ఈడికి," అంది. గీత గీశాక చేయి బొగ్గును చాలాసేపు వదల్లేదు; పద్మాబాయి దోసెలు పోసే కట్ట ఆమె కళ్లముందు మెదిలింది. కానీ గీత మార్చలేదు.

అంచుకు వేలెడు ఎత్తున గట్టు తేల్చారు, చేయి జారకుండా. మూలలు గుండ్రంగా అరగదీశారు. కోడలి గ్యాస్ పొయ్యికి, అత్త కట్టెల పొయ్యికి మధ్య ఉచ్చీరప్ప ఉలితో ఒక గాడి కొట్టాడు. సుభద్రమ్మ దాన్ని వేలితో తడిమి, ఈడి నుంచి నాది అంది. జాడీలు పాత వరసలోనే గూట్లోకి ఎక్కాయి.

పాలు పొంగించిన మరునాడు భీమసేనరావు నిజంగానే గడప బయట పీట వేసుకుని కూర్చున్నాడు. సుభద్రమ్మ స్నానాల గది గడప దగ్గర కట్ట మొదలును అందుకుంది. ఎడమ అరచేయి గట్టు మీద. అడుగు వెనక అడుగు. గుండిగ దగ్గర ఆగి నీళ్లు ముంచుకుంది, జాడీ దగ్గర ఆగి ఉప్పు తీసింది. ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఒక్క గింజ బయట పడలేదు. పప్పు దించే వేళకు కొడుకు పీట మీద నుంచి సగం లేచాడు. లేచి చేయగలిగింది లేదు, తాకలేడు. ఆమె కుండను ఎత్తలేదు. గుడ్డతో పట్టుకుని, బండ మీద కొంచెం కొంచెం జరుపుకుంటూ, మూల తిప్పి, దేవుడి గది వాకిలి దాకా తోసుకొచ్చింది. "మడి కట్టుకొచ్చి తీసుకో," అంది కొడుకుతో. ఆయన పోయి స్నానం చేసి మడి కట్టుకుని వచ్చాడు. తీసుకుని దేవుడి ముందు పెట్టాడు. పప్పులో ఉప్పు సరిగ్గా ఉంది. అన్నం కొంచెం అడుగంటింది. కొత్త పొయ్యి, ఇంకా మంట గుణం తెలియలేదు అని సుభద్రమ్మ తప్పును పొయ్యి మీదనే వేసింది.

కొన్ని రోజులకు ఆయన పీట మీద పేపరు చదువుకోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత పీట వేసుకోవడం మరిచిపోయాడు.

అత్త మరి ఆరేడేళ్లు వండింది. చివర్లో రాయరి పటం కూడా కనపడడం మానేసింది. అది ఎప్పుడు మానిందో ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆమె చెప్పలేదు. వంటలో తేడా రాలేదు గనుక ఎవరూ అడగలేదు. ఎనభై అయిదు ఎండాకాలంలో జ్వరం తగిలింది. మంచం పట్టిన మొదటి పొద్దున కోడలిని పిలిచి, కందిపప్పు నిన్ననే కడిగి ఆరబెట్టినానని చెప్పింది. ఆ జ్వరం నుంచి లేవలేదు.

పొద్దుటి పొయ్యి ఇందిరాబాయిదైంది. ఆ పొట్టి కట్ట మీద రెండు పూటలా వంగి వండేసరికి, మోకాళ్లు బాగుపడ్డాయి గాని నడుము పట్టుకుంది. సంవత్సరీకం అయ్యాక ఆమె ఎవరినీ అడగకుండా ఉచ్చీరప్పను పిలిపించింది. బండలు లేపి, కింద ఒక వరస ఇటుక పేర్చి, మళ్లీ పరవమంది. అమ్మ గుర్తుగా ఉన్నదాన్ని ముట్టుకోవడమెందుకని భర్త సంశయించాడు. అత్తకు నడుము నొప్పి అంటే ఏమిటో తెలుసు, ఆమే ఉంటే ఎప్పుడో లేపమనేది అంది ఇందిరాబాయి.

ఎత్తు పెరిగిన కట్ట ముందు ఆమె మొదటిసారి తిన్నగా నిలబడింది. కిటికీలోంచి వీధి కనపడింది. చేతిలోని పప్పుగిన్నె కింద పెట్టబోతే, చేయి అనుకున్న చోటి కంటే ముందే బండ తగిలి గిన్నె ఖంగుమంది, పప్పు తొణికింది. రెండో రోజూ అంతే. ఆ చేయి అత్త ఎత్తుకు అలవాటుపడి ఉంది. దాన్ని తన ఎత్తుకు తెచ్చుకోవడానికి ఇందిరాబాయికి ఆ వానాకాలమంతా పట్టింది.